పెట్టెమీది పేరు

మేము మలక్‌పేటయందు కాపురముండి, పాత మారుతి 800 బండి నొకదానిని పోషించుచున్న గృహస్థులము. ఆ రకపు బండి 1983 మొదలు 2014 వఱకు తయారై పిమ్మట నిలిచిపోయెను. మేము మాత్రము చవకయని బజారు సామానునే నమ్ముకొని, చాదర్‌ఘాటు వంతెన దాటి పుత్లీబౌలి దుకాణములకు పలుమాఱులు పోవుచుంటిమి.

తొలుత వేయించిన బ్రేకు ప్యాడ్లు ఏండ్లతరబడి నిలిచినవి. నిరుడు వేయించినవి నాలుగు నెలలకే చెడినవి. ఒకనాటి సాయంకాలము పిల్లలతో వచ్చుచుండగా, బ్రేకు గట్టిగా నొక్కినను బండి వెంటనే నిలువక, ముందఱి ఆటోకు జేనెడు దూరమున ఆగెను. మేస్త్రి ఆ ప్యాడ్ల నూడదీసి చూపెను. ఉక్కు పలకనుండి రాపిడి పదార్థము పెచ్చులుగా ఊడుచుండెను. "అయ్యా, పెట్టె మాత్రమే కంపెనీది, లోపలి సరుకు కాదు" అని అతడనెను.

దుకాణదారుని నిలదీయ నెంచితిమి. కాని రసీదేది? పన్ను మిగులునను ఆశతో వలదన్నవారము మేమే! 1999 నాటి వ్యాపారచిహ్నముల చట్టము దొంగముద్రకు మూడేండ్ల వఱకు కారాగారశిక్షను చెప్పుచున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము లోపపు వస్తువువలని హానికి తయారుచేసినవానిని, అమ్మినవానిని సైతము బాధ్యులను చేయుచున్నది. కొన్నట్లు ఋజువే లేనివానికి ఈ చట్టము లేమి అక్కఱకు వచ్చును?

చదువరులారా! కాసు బంగారమును గీటురాతిపై గీసి చూచెడు మనము, బిడ్డల ప్రాణములను కాచెడు ఇనుమును కన్నులు మూసికొని కొనుచున్నాము. మన మడిగిన వెలకు తగిన సరుకునే అంగడివాడు తెచ్చుచున్నాడు. ఇకమీదట రసీదు లేనిదే మేము మేకునైనను కొనము.