ఎర్రగీతకు ఇటూ అటూ

మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే పూర్వం పెళ్ళిసంబంధాల మాటలు వచ్చేవి. తరవాత కొన్నాళ్ళు సైట్ల ధరలు వచ్చాయి. ఇప్పుడు వస్తున్నది ఒకటే మాట — రోడ్లు. హెబ్బాళ దగ్గర ఎంతసేపు ఆగిపోయాము, ఏ సర్కిలు చుట్టుకొని వచ్చాము, ఎవరి ఇంటిముందు ఎన్ని అడుగులు పోతున్నవి — ఇదే రామాయణం, ఇదే భారతం. సంఘం సమావేశానికి గంట ఆలస్యంగా వచ్చినవారు కూడా సంజాయిషీ చెప్పుకోనక్కర లేదు. "ట్రాఫిక్కండీ!" అంటే చాలు, అందరూ క్షమించేస్తారు.

నేనూ ఆ మాటే ఎత్తుకుంటున్నాను గాని, బెంగుళూరు రోడ్లను గురించి కాదు. వాటిని గురించి రాయటానికి దినపత్రికలు చాలా ఉన్నాయి. నేను చెప్పదలచినది మా వైపు పేటల సంగతి. మాది చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి. ఊరిపేరు చివర హళ్ళి ఉన్నా ఇంట్లో మాట తెలుగే. బళ్ళో చదువు మాత్రం కన్నడం. 2007 దాకా కోలారు జిల్లావాళ్ళం. ఆ ఏడు చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళాము. మా సీమలో "పేటకు పోయొస్తా" అన్నారంటే చింతామణికో, శిడ్లఘట్టకో, బాగేపల్లికో అని అర్థం. ఉప్పు దగ్గరనుంచి ఉంగరం దాకా, కోర్టు వాయిదా దగ్గరనుంచి కంటి అద్దాల దాకా, దేనికైనా పేటకే పోవాలి. అందుచేత పేటవీధి ఇరుకైనా వెడల్పైనా, ఆ సుఖదుఃఖాలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటివీ.

మా చిన్నాయన అటువంటి ఒక పేటలో నలభై ఏళ్ళుగా అంగడి పెట్టుకొని ఉన్నాడు. ఏ పేటో చెప్పను. చెబితే ఆయనకు కోపం. పగ్గాలు, మోకులు, గోనెసంచులు, చాటలు, గంపలు అమ్ముతాడు. కట్టడం వేరే ఆయనది, చిన్నాయన బాడుగకు ఉన్నాడు. ఆమధ్య ఒకరోజున ఎవరో టేపు పట్టుకొని వచ్చి కొలిచి, గోడమీద ఎర్రరంగుతో ఒక గీత గీసి, పక్కన ఒక అంకె వేసి పోయారు. ఆ గీత ప్రకారం చూస్తే గల్లాపెట్టె రోడ్డులో ఉంటుంది, చిన్నాయన అంగడిలో ఉంటాడు! ఉగాదికి అంగడికి సున్నం వేయించాడు గాని గీత మీద మాత్రం వేయనివ్వలేదు. "చెరిపితే మళ్ళా కొలుస్తారు. ఈ తూరి ఇంకొక అడుగు లోపలికి వస్తారేమో" అని ఆయన భయం.

ఈ గీత మా చుట్టాలలో మూడు పార్టీలను పుట్టించింది. చిన్నాయన అల్లుడికి లారీ ఉంది, టమాటాలు తోలతాడు. అతను వెడల్పు పార్టీ. "మామా, లోడు ఎత్తుకొని వస్తే పేటలో అరగంట నిలబడాల. ఎండకు కాయ మెత్తబడిపోతాది. ఆ దుడ్డు ఎవరిస్తారు?" అంటాడు. చిన్నాయన తగ్గడు. "నీ లారీ పోవాల్నంటే ఊరి బయట దారి చూసుకోప్పా. నా గల్లాపెట్టె మీదనే పోవాల్నా?" అంటాడు. ఇద్దరూ ఇట్లా వాదించుకుంటూ ఉంటే, చిన్నమ్మ లోపలినుంచి కాఫీ లోటాలు తెచ్చి పెట్టి, ఒకనాడు అన్నది: "మీ ఇద్దరి కష్టమూ బండ్లది. నాది కాళ్ళది. ఇప్పుడే అవతలకి దాటాలంటే దేవుణ్ణి తలుచుకోవాల. ఇంకా వెడల్పు చేస్తే ఎట్ల దాటేది?"

ఆ మాటకు మగవాళ్ళిద్దరి దగ్గరా జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు. ఆ తరవాత నేను ఈ విషయం గురించి కొంచెం చదివాను, కొంచెం కాలినడకన తిరిగి చూశాను.

వెడల్పుకూ మా సీమకూ ఒక పాత కథ ఉన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1912 నుంచి 1918 దాకా మైసూరు దివానుగిరీ చేశారు. ఆయన మా సీమవారే — పుట్టింది ముద్దేనహళ్ళిలో. పూర్వులు వచ్చినది మోక్షగుండం నుంచి. ఆ దశకంలోనే కోలారు నుంచి శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురానికి చిన్నరైలు వచ్చింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. బండి మెల్లగానే పోయేది గాని, పేటపేటకూ ఆగేది. తరవాత దాన్ని పెద్దగేజి చెయ్యాలన్నారు. మంచిదే. కాని చిన్నబండి ఆగిపోయిన తరవాత ఏళ్ళ తరబడి బండే లేదు. 2013 నవంబరులో గాని చిక్కబళ్ళాపురం–కోలారు మధ్య పెద్దగేజి బండి నడవలేదు. ఇప్పుడు పట్టాల వెడల్పు అయిదున్నర అడుగులు, అంటే రెండింతలకు పైన. రోజుకు వచ్చే బండ్లను మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దారి వెడల్పు కావటం వేరు, జనానికి బండి దొరకటం వేరు అని దీనివల్ల తెలుస్తున్నది గదా!

బస్సుల సంగతి ఇందుకు భిన్నం. మైసూరు ప్రభుత్వం 1948 సెప్టెంబరు 12న 120 బస్సులతో రోడ్డు రవాణాశాఖ పెట్టింది. అది 1961లో కార్పొరేషను అయింది. 1973లో రాష్ట్రంతోపాటు దానికీ కర్ణాటక పేరు వచ్చింది. మా సీమ పిల్లలు కాలేజీ మొగం చూశారంటే ఆ బస్సుల పుణ్యమే. 2023 జూన్ 11న 'శక్తి' పథకం వచ్చాక, మామూలు బస్సుల్లో ఈ రాష్ట్రపు ఆడవాళ్ళకు టికెట్టు లేదు. కండక్టరు సున్నా రూపాయల చీటీ చింపి ఇస్తాడు. మా చిన్నమ్మ ఆ చీటీలను మొదట్లో దాచిపెట్టుకొనేది కూడానూ! ఇదివరకు నెలకొకసారి పేటకు వచ్చే అవ్వలు ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తున్నారు. ఆస్పత్రికి వస్తారు, బ్యాంకుకు వస్తారు, కూతుర్ని చూడటానికి వస్తారు. బాగానే ఉంది. కాని బస్సు దిగిన తరవాత? కాలు పెట్టటానికి చోటు లేదు. ఒకపక్క మోరీ, ఒకపక్క మోటారుసైకిళ్ళు, మధ్యలో లారీ. ఇంటినుంచి పేటదాకా ప్రభుత్వం ఉచితంగా తీసుకొచ్చింది. పేటలో ఆ నూరుగజాలు మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని నడవాలి.

కాలిబాట ఎంత ఉండాలో మన దేశంలో రాసిపెట్టే ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు పాదచారుల కోసం చేసిన మార్గదర్శకాల్లో, అడ్డంకులు లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలన్నారు. అంటే ఆరడుగులకు వెంట్రుకవాసి తక్కువ. ఇద్దరు అవ్వలు చెరొక సంచీ పట్టుకొని ఎదురెదురుగా దాటుకోవటానికి సరిపోతుంది. అంగళ్ళవీధిలో ఇంకా ఎక్కువే కావాలి. మరి గోడమీద ఎర్రగీత గీసినప్పుడు, ఆ వచ్చే అడుగుల్లో నడిచేవాళ్ళకు ఎన్ని, బండ్లకు ఎన్ని అన్నది ఎక్కడైనా రాశారా అని చూశాను. గోడమీద ఒక అంకే ఉన్నది.

ఇక లెక్క చూడండి. ఒక బస్సులో 50 మంది కూర్చుంటారు. ఆ 50 మందీ కారుకు ఇద్దరి చొప్పున బయలుదేరితే 25 కార్లు. వీధిని ఎంత వెడల్పు చేసినా 25 కార్లకు చోటు చాలదు. చాలినా, ఆ చోటు చూసి ఇంకొక పది వస్తాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఊరి నడుమ వాగును కప్పేసి, దానిమీద ఫ్లైఓవరు కట్టారు. 2003లో ఆ ఫ్లైఓవరునే పడగొట్టటం మొదలుపెట్టి, 2005కల్లా వాగును పైకి తెచ్చారు. మధ్యలో 2004లో బస్సులను సంస్కరించి వాటికి రోడ్డు నడుమ ప్రత్యేకమైన దారి ఇచ్చారు. అంత పెద్ద నగరం చేసిన పనిని మన పేట చెయ్యలేదా అని నేను అనను. కాని బండ్లకు దారి ఇవ్వటం, మనుషులకు దారి ఇవ్వటం రెండు వేరు వేరు పనులని మాత్రం ఒప్పుకోక తప్పదు.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉన్నది. బెంగుళూరులో బసవేశ్వర సర్కిలు నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల ఉక్కు ఫ్లైఓవరు వేస్తామన్నారు. ఖర్చు 1,791 కోట్లు. పోయే చెట్లు 812. 2016 అక్టోబరు 16న వేలమంది చేతులు పట్టుకొని రోడ్డుపక్కన వరసగా నిలుచున్నారు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ ప్రయత్నం మానుకున్నది. అప్పుడు మనవాళ్ళలో ఎంత రగడ జరిగిందో! మల్లేశ్వరంవారు చెట్ల పక్షం, దేవనహళ్ళి అవతలివారు ఫ్లైఓవరు పక్షం. "మీకేమండీ, ఇంటిముందే మెట్రో. మేము రోజూ హెబ్బాళ దాటాలి" అని ఒకాయన నామీద కేకలేశారు. ఆయన మాటలోనూ న్యాయం ఉన్నది. చెట్టు నిలిచినందుకు సంతోషించాను. ఆయనకు బస్సూ రైలూ సరిగ్గా దొరికితే ఆ కోపం వచ్చేది కాదని కూడా అనుకున్నాను.

తేడా ఏమిటంటే, నగరంలో అడిగేవాళ్ళు ఉన్నారు. ఇంగ్లీషులో రాస్తారు, కోర్టుకు పోతారు. రాజ్యాంగానికి 74వ సవరణ తెచ్చిన వార్డు కమిటీలు సైతం మూడులక్షల జనాభా దాటిన ఊళ్ళకే విధి. మా పేటలు ఆ లెక్కలోకి రావు. కాబట్టి అక్కడ గీత గీస్తే, దాన్ని గురించి అడగటానికి చిన్నాయనవంటివారికి తోచేది ఒకటే దారి — తెలిసిన పెద్దమనిషి ఇంటికి పోవటం.

ఇంకొక దారి కూడా ఉన్నది. భూసేకరణకు న్యాయమైన పరిహారం ఇవ్వాలనే 2013 నాటి చట్టం 2014 జనవరి 1 నుంచి అమలులో ఉంది. పట్టణంలో సేకరించే స్థలం మీద అంతకుముందు మూడేళ్ళుగా ముఖ్య జీవనాధారం పెట్టుకొన్న కుటుంబాన్ని, స్థలం వాళ్ళది కాకపోయినా, బాధిత కుటుంబంగా లెక్కించమని అందులో ఉన్నది. అంటే బాడుగదారుకూ మాట ఉన్నదన్నమాట. అయితే ముందు అది సేకరణా, లేక ఆక్రమణ తొలగింపా అని తేల్చి అడగాలి. రెండింటి దారులు వేరు. బాడుగ చీట్లు, అంగడి లైసెన్సు, కరెంటు బిల్లులు దగ్గర పెట్టుకోవాలి. నేను ఈ సంగతి చెబితే చిన్నాయన అటకమీదనుంచి ఒక రేకుపెట్టె దించాడు. నలభై ఏళ్ళ చీట్లూ అందులో ఉన్నాయి, పురికొసతో కట్టి!

వీధిపక్క గంప పెట్టుకొనేవాళ్ళకు 2014లో వేరే చట్టం వచ్చింది. పట్టణ అమ్మకాల కమిటీలో నూటికి 40 మందికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలన్నది. ఇది చదివినప్పుడు నాకు కైవార తాతయ్యగారు గుర్తుకు వచ్చారు. మా సీమకంతటికీ తాతయ్య ఆయన. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన యోగి. మొదట ఆయన వృత్తి గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగి అమ్మటమని చెబుతారు. అటువంటివాడు ఈనాడు మా పేటకు వస్తే మలారం దించటానికి అరుగు దొరుకుతుందా? ఆక్రమణ అని పంపించేస్తామా?

నా అభిప్రాయం అడిగితే, నేను వెడల్పుకు శత్రువును కాను. అల్లుడి టమాటా కుళ్ళకూడదు. కాని లారీలను పగటిపూట ఊరి వెలుపలనుంచే తిప్పవచ్చు. వచ్చిన అడుగుల్లో మొదట కాలిబాట, తరవాత బస్సు, ఆ తరవాతే మిగతా బండ్లు అని వరస పెట్టవచ్చు. బాడుగవాళ్ళను లెక్కలో చేర్చవచ్చు. అన్నిటికన్న ముందు, పటాన్ని వీధిలో అంటించి, కన్నడంలో రాసినదాన్ని తెలుగు మాత్రమే వచ్చిన అవ్వలకు నోటితో చదివి చెప్పవచ్చు. దీనికి కోట్లు అక్కరలేదు.

మనలో చాలామంది ఇళ్ళు ఇక్కడే, వేళ్ళు అక్కడ. జాతరకో, పెళ్ళికో, పొలం గుత్త డబ్బుకో ఏడాదికి ఒకసారైనా ఊరికి పోతూనే ఉంటాము. ఈసారి పోయినప్పుడు కారు ఊరి బయట నిలిపి, పేటవీధిలో ఈ చివరనుంచి ఆ చివరకు, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకొని ఒక్కసారి నడిచి చూడండి. మీకు కన్నడంలో అర్జీ రాయటం వస్తే, రానివాళ్ళకు ఒకటి రాసి పెట్టి రండి.