రేవు మెట్ల లెక్క

జులై 6
రేవులో నీటిమట్టం కొలుద్దామని తెచ్చిన ఈ నోడ్‌ఎంసీయూ బోర్డు కేబుల్ పెట్టిన ప్రతిసారీ పోర్టు నెంబరు మార్చేస్తోంది. డివైస్ మేనేజర్ తెరిచి వెతకడం విసుగెత్తి, పైతాన్‌లో ప్రోగ్రాము ముక్క రాశాను. పది లైన్లు కూడా లేవు. ఉన్న పోర్టులన్నీ చూసి, బోర్డు మీది చిప్పు సీహెచ్340 పేరున్నదాన్ని పట్టుకొస్తుంది. ఒకరికి చూపించుకునే పని కాదు, నాకు మాత్రం హాయి.

జులై 9
హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సరు ఎకో పిన్ను 5 వోల్టులు ఇస్తుంది, బోర్డు తట్టుకునేది 3.3. మధ్యలో వెయ్యి, రెండు వేల ఓముల రెసిస్టర్లు వేశాను. శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం కట్టాలి. దొరికిన ప్రోగ్రాములన్నీ శబ్దవేగం సెకనుకు 343 మీటర్లని రాసేసుకున్నాయి. అది 20 డిగ్రీల దగ్గర మాట. అమలాపురం ఉక్కలో, 34 డిగ్రీలకి, 352 దాటేలా ఉంటుంది. మూడు మీటర్ల లోతుకి ఏడెనిమిది సెంటీమీటర్లు తేడా! పక్కన డీహెచ్‌టీ11 కూడా పెట్టి, వేగాన్ని అప్పటికప్పుడు లెక్కేసుకోమన్నాను.

జులై 13
రాజోలు దిగువన బావ వాళ్ల రేవులో పైపు పాతి, సెన్సరు దానికి బిగించాం. అంకెలు గెంతుతున్నాయి. చూస్తే గుర్రపుడెక్క తేలుతూ పోతోంది, కాసేపటికి గేదె దిగింది. సగటు తీస్తే గేదె మూపు కూడా నీటిమట్టంలో కలిసిపోతుంది. అందుకే ఐదు రీడింగులు తీసి, వరసలో పెట్టి, నడిమిది ఉంచుకోమన్నాను.

జులై 14
అసలు చిక్కు సముద్రంతో. ఏరు సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గర కాబట్టి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు పెట్టిందా, వరద వస్తోందా? నిన్నటి ఇదే టైముతో పోల్చి లాభం లేదు, పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. కాబట్టి 24 గంటల 50 నిమిషాల కిందటి రీడింగుతో పోల్చాలి. పాటులో కూడా నీళ్లు దిగకపోతే అప్పుడు అనుమానించాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లు ఎక్కువ కదా, దానికి కాస్త వెసులుబాటు ఇచ్చాను.

జులై 17
ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని టీవీలో చెబుతారు. బావకి ఆ అడుగులతో పనిలేదు. "సెంటీమీటర్లు నాకెందుకురా? ఎన్ని మెట్లు మిగిలాయో చెప్పు. మూడో మెట్టు మునిగితే గేదెల్ని గట్టెక్కిస్తాను" అన్నాడు. నిజమే. బ్యారేజీ దాటిన నీళ్లు గౌతమి, వశిష్ఠ, వైనతేయలుగా చీలిపోయి ఇక్కడికొచ్చాక, ఆయనకి కొలత మెట్టే.

నీటి ఎత్తుని మెట్టు ఎత్తుతో భాగిస్తే సరిపోతుందనుకునే వీల్లేదు. మేస్త్రీ కంటి కొలతతో కట్టిన రేవు. ఒక మెట్టు 16 సెంటీమీటర్లు, దాని కిందది 21. టేపు పట్టి అందినవన్నీ కొలిచి, ఆ ఎత్తులు ఒక లిస్టుగా రాసి పెట్టాను. అడుగువి ఒండ్రులో పూడిపోయాయి, వాటి జోలికి పోలేదు. ఈ పనంతటిలో నాకు నచ్చిన లైను ఆ లిస్టే.

జులై 20
"నాలుగు మెట్లు మిగిలాయి" అని టెలిగ్రామ్‌లో మొదటి మెసేజీ వెళ్లింది. బావ ఫోను చూడడు కాబట్టి అక్కకి పంపిస్తున్నా. సాయంత్రం అక్క ఫోను చేసింది. "పక్కవాళ్లకీ వచ్చేట్టు చెయ్యొచ్చేంట్రా? వాళ్ల పాక మనకన్నా పల్లం." చెయ్యొచ్చు. ప్రోగ్రాములో ఒక కామా, ఇంకో ఐడీ.