హ్యాండుబ్యాగులో కవరు

ఫ్రాన్సు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ ఇరుగూ పొరుగూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఐఫిల్ టవరు ఎక్కారా?" అని. ఎక్కలేదండీ. కిందనుంచి చూశాను. మెడ పట్టేసింది. దాంతో సరిపెట్టుకున్నాను.

నిజం చెప్పొద్దూ, నేను వెళ్ళింది టవర్లు ఎక్కడానిక్కాదు. నా హ్యాండుబ్యాగులో పాస్‌పోర్టుకీ అమృతాంజనం సీసాకీ మధ్య ఒక పొడుగాటి కవరుంది. అందులో ఒక కుర్రాడి ఫొటో, జాతక చక్రం, చదువూ ఉద్యోగమూ జీతమూ వివరంగా కంప్యూటరులో కొట్టించిన కాగితమూ ఉన్నాయి. మా అమ్మాయికి ముప్ఫయి మూడో ఏడు నడుస్తోంది. పారిస్‌లో ఉద్యోగం. గోంగూర పచ్చడిలో ఉప్పు ఎప్పుడు వెయ్యాలో గంటసేపు ఫోనులో మాట్లాడుతుంది గానీ, పెళ్ళి మాట ఎత్తగానే పాపం సిగ్నలు పోతుంది. ప్రతిసారీ పోతుంది. "ఫోనులో లాభం లేదు, నువ్వే వెళ్ళి ఎదురుగా కూచోబెట్టుకుని తేల్చుకు రా" అని మావారు టిక్కెట్టు కొనిచ్చారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రాలేదు. కానీ రోజూ రాత్రి ఫోను చేసి ఒకటే మాట: "చెప్పావా?"

చెప్పడానికో చోటూ, సమయమూ కుదరాలి కదా! పారిస్‌లో అది ఆఫీసుకి పరిగెత్తడం, నేను దాని వంటిల్లు సర్దడం తోటే సరిపోయింది. చివరికి నాలుగు రోజులు సెలవు పెట్టి, "అమ్మా, నీకు సముద్రం చూపిస్తాను పద" అంది. కాకినాడ దాన్ని పట్టుకుని సముద్రం చూపిస్తానంటుందేమిటి అనుకున్నాను. పైకి మాత్రం "సరే" అన్నాను. సముద్రపు ఒడ్డున సిగ్నలు పోయినా ఎదురుగా మనిషుంటుంది కదా!

పారిస్‌లో సేన్ లాజార్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటల పైచిలుకులో త్రువీల్‌లో దిగాం. త్రువీల్, దోవీల్ అని పక్కపక్కన రెండూళ్ళు. రెంటికీ కలిపి ఒకటే స్టేషను. మధ్యలో తూక్ అనే చిన్న నది. దోవీల్ డబ్బున్న వాళ్ళ ఊరు. గుర్రప్పందాలూ, జూదశాలా, ఇసక మీద 1923లో పరిచిన చెక్కబాటా, ఆ బాట పక్కన సినిమా తారల పేర్లు రాసిన స్నానాల గదులూ. చూశాం, వచ్చేశాం. ఎవరో ఇంట్లో లేనప్పుడు వాళ్ళ డ్రాయింగు రూములో కూచున్నట్టుంది నాకు.

త్రువీల్ అలాక్కాదు, మనలాంటి ఊరు. రేవులో పడవలు, చేపల బజారు, కేకలు. పోటు వేళ ఆ నది దాటాలంటే పడవెక్కాలి. పాటు వేళ నీళ్ళు తీసేశాక నడిచిపోవడానికి చిన్న వంతెన దారి ఉంది. సముద్రమే టైంటేబులు వేస్తుందన్న మాట. ఆ సముద్రం సంగతీ చెప్పాలి. పొద్దున్న కిటికీ కింద ఉన్నది మధ్యాహ్నానికి కనిపించలేదు. "ఏదే, ఏమయిందే?" అంటే మా అమ్మాయి దూరంగా ఒక వెండి గీత చూపించింది. ఇంగ్లీషు ఛానెల్ ఇరుకు కావడంతో నీళ్ళు ఎగదన్నుకొస్తాయిట. పెద్ద పోటు రోజుల్లో పోటుకీ పాటుకీ ఏడెనిమిది మీటర్ల తేడా. మా కాకినాడలో ఆ తేడా మనిషెత్తు కూడా ఉండదు. నీళ్ళు పోగానే పిల్లా జెల్లా, ముసలీ ముతకా బకెట్లూ చిన్న పారలూ పట్టుకుని నత్తలూ ఆల్చిప్పలూ ఏరుకోవడానికి దిగిపోయారు. చీరకుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నేనూ దిగాను. తినకపోయినా ఏరడానికేం!

ఆ రాత్రి హోటల్లో మా పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూచుంది. డెబ్భై దాటి ఉంటాయి. చక్కగా జుట్టు దువ్వుకుని, పెదాలకి రంగు వేసుకుని, కాళ్ళ దగ్గర చిన్న కుక్క. ఒక్కత్తే. గిన్నెడు ఆల్చిప్పలు ముందు పెట్టుకుని ఖాళీ చిప్పతోనే పట్టుకారులా పట్టి ఒక్కొక్కటీ తీరిగ్గా తింటోంది.

"అయ్యో పాపం, ఎవరూ లేరు కాబోలు" అన్నాను.

"ఎందుకమ్మా లేరూ? ఆయన ఇంట్లో అంట్లు తోముకుంటూ ఉంటాడేమో" అంది మా అమ్మాయి.

కవరు తీద్దామని బ్యాగు జిప్పు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కొచ్చేసింది. ఆవిడ వెళ్ళేటప్పుడు నా చీర చూసి ఏదో అంది. బావుందందిట.

మర్నాడు కారు అద్దెకి తీసుకున్నాం. ఆన్‌ఫ్లూర్ ఊళ్ళోకి వెళ్ళేసరికి వాన. రేవు చుట్టూ ఆరేసి అంతస్తుల సన్నటి ఇళ్ళు, బస్సులో ముగ్గురు కూచునే సీటులో అయిదుగురు సర్దుకున్నట్టు ఒకదాన్నొకటి ఒత్తుకుని నించున్నాయి. 1608లో షాంప్లేన్ అనే ఆయన ఇక్కణ్ణించే ఓడెక్కి వెళ్ళి కెనడాలో క్యుబెక్ నగరానికి పునాది వేశాడు. వాన తప్పించుకోవడానికి సేంట్ కేథరిన్ చర్చిలో దూరాం. తలెత్తి చూద్దును కదా, నెత్తిమీద రెండు పెద్ద పడవలు తిరగేసి ఉన్నాయి! పదిహేనో శతాబ్దంలో ఊరి ఓడల వడ్రంగులే చర్చి కట్టారుట, అంతా కర్రతోనే. ఓడ చెయ్యడం వచ్చిన వాళ్ళకి కప్పు వెయ్యమంటే ఓడనే తిరగేస్తారు మరి. మా తాళ్ళరేవు, కోరంగి వడ్రంగులకి అప్పజెప్పినా అలాగే వేసి ఉండేవారు. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడ్డ మా కోరంగిని 1839 తుఫాను ఊడ్చేసింది. ఆన్‌ఫ్లూర్ రేవుకేమో నెమ్మదిగా ఒండ్రు పట్టింది. పెద్ద ఓడలు నది అవతల ల హావ్ర్ రేవుకి మళ్ళిపోయాయి. అందుకే ఊరు ఇంత అందంగా మిగిలింది కాబోలు.

ఆ రాత్రీ ఫోనొచ్చింది. "చెప్పావా?" "వానండీ" అన్నాను.

మూడో రోజు ఎత్రెతా. ఫొటోల్లో మీరు చూసే ఉంటారు. సుద్ద కొండ సముద్రంలోకి తొండం చాపి నీళ్ళు తాగుతున్న ఏనుగులా ఉంటుంది. ఇసక లేదు, అన్నీ గుండ్రటి గులకరాళ్ళే. అల వెనక్కి లాగినప్పుడల్లా చేటలో పప్పు చెరిగినట్టు చప్పుడు. రాళ్ళు పట్టుకుపోకూడదట, జరిమానా వేస్తారు. మా అమ్మాయి నా మొహం చూసి ముందే చెప్పింది.

అక్కడో దుకాణంలో పాత పోస్టుకార్డు చూశాను. సముద్రపు ఒడ్డున రాళ్ళల్లో మోకాళ్ళ మీద వంగి బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు. సముద్రం నీళ్ళలో బట్టలేమిటి, సబ్బు నురగైనా రాదే అని నా అనుమానం. దుకాణం ఆవిణ్ణడిగి మా అమ్మాయి చెప్పింది. ఆ గులకరాళ్ళ కింద మంచినీటి ఊట ఉందిట. పాటు వేళ సముద్రం వెనక్కెళ్ళగానే ఆడవాళ్ళు రాళ్ళు తవ్వి గుంటలు చేసుకుని, ఊరిన మంచినీళ్ళలో ఉతుక్కునేవారు. పోటు తిరిగి వచ్చేలోపల ముగించుకుని, మూటలు నెత్తికెత్తుకుని లేవాలి. పైన మోనే, బూదాఁ లాంటి మహా చిత్రకారులు ఆ కొండ బొమ్మలు వేస్తుంటే, కింద వీళ్ళు దుప్పట్లు పిండుకున్నారన్న మాట. బూదాఁ వీళ్ళ బొమ్మ కూడా వేశాడుట. మంచివాడు.

రాళ్ళ మీద కూచుని, ఆ కార్డు చేతిలో పట్టుకుని, అమ్మమ్మని తలుచుకున్నాను. మా ఇంట్లో ఫ్రాన్సుకి నేను మొదటిదాన్ని కాదు సుమండీ. "నా పెళ్ళి పరాసువాళ్ళ దేశంలో అయిందే" అని అమ్మమ్మ గొప్పగా చెప్పుకునేది. అబద్ధం కాదు. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలుకొచ్చింది. పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. కానీ మా కాకినాడకి కూతవేటు దూరంలో యానాం ఉందిగా! అది ఫ్రెంచివాళ్ళది, ఇంగ్లీషు వాళ్ళ చట్టం అక్కడ చెల్లదు. ఇంకేం, చుట్టుపక్కల వాళ్ళంతా చిన్నపిల్లల్ని బళ్ళలో, పడవల్లో వేసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేసేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే వచ్చింది. అమ్మమ్మకి 1931లో తొమ్మిదేళ్ళు. ముహూర్తం వేళకి నిద్దరపోతోందిట. ఎవరో మెడ ఎత్తిపట్టుకుంటే తాతయ్య పుస్తె కట్టాడు. పెళ్ళిలో ఆవిడకి గుర్తున్నదల్లా గట్టు మీద నించున్న ఎర్రటోపీ జవానూ, బెల్లపు మిఠాయీ.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అది రాయి ఒకటి చేతిలో తిప్పుతూ, "తాతమ్మని ఎవరైనా అడిగారా, చేసుకుంటావా అని?" అంది.

"తొమ్మిదేళ్ళ పిల్లని ఏమడుగుతారే!"

"పోనీ, తాతయ్యని?"

"పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి అసలే అడగరు."

ఇద్దరం నవ్వాం. కాసేపాగి, "నిన్ను?" అంది.

నాకు ఇరవయ్యొకటి. బియ్యే పరీక్షలు రాస్తున్నాను. వాల్తేరు వెళ్ళి ఎమ్మే చదువుతానని నాన్నగారికి చెప్పాలని నెల రోజులుగా మాటలు కూడగట్టుకుంటున్నాను. ఆ మాటలు అలాగే ఉన్నాయి. మావారు మంచివారు, ఆ సంగతి వేరు.

"ఫొటో చూపించారు" అన్నాను.

అది ఇంకేమీ అడగలేదు. రాయి తీసి మళ్ళీ రాళ్ళల్లో పెట్టేసింది.

దారిలో ఫేకాఁ ఊరు వచ్చింది. ఇక్కడి మగవాళ్ళు కాడ్ చేపల కోసం అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్లాండ్ దాకా వెళ్ళి నెలల తరబడి ఉండిపోయేవారు. కొండ మీద గుడి ఉంది, ఇంటి ఆడవాళ్ళు వచ్చి మొక్కుకునేది. ఎక్కలేకపోయాను. కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాను.

ఆఖరి ఊరు వ్యూల్ లే రోజ్. ఆ ఊళ్ళో నది పుట్టి ఆ ఊళ్ళోనే సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడుగు సుమారు 1100 మీటర్లు! ఫ్రాన్సులో సముద్రంలో కలిసే నదులన్నిట్లోకీ ఇదే చిన్నది. నాసిక్ దగ్గర పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చే గోదావరి ఒడ్డు దాన్ని నేను. దీన్నీ నది అంటారా అని నవ్వొచ్చింది. పుట్టిన చోట ఒక రకం ఆకుకూర మళ్ళు, పారే నీళ్ళలోనే పచ్చగా పెంచుతున్నారు. ఆ పైన పాత నీటిమరలు, గడ్డికప్పు ఇళ్ళు, బాతులు. ఏం లోటు? పెద్ద నదికున్నవన్నీ ఉన్నాయి. విక్టర్ హ్యూగో ఇక్కడికి స్నేహితుడింటికి వచ్చేవాడుట. 1882లో ఊళ్ళోని నూరుమంది పేదపిల్లలకి విందు చేశాడు. మన నాగయ్యగారి "బీదలపాట్లు" కథ రాసిన హ్యూగో ఆయనే.

రెండు దాటాక హోటళ్ళ వాళ్ళు వంట ఆపేస్తారు, బతిమాలినా పెట్టరు. నాకా సంగతి ముందే తెలిసి పులిహోర కలిపి తెచ్చాను. నది పక్క అరుగు మీద కూచుని తిన్నాం. చెయ్యి తుడుచుకోవడానికి రుమాలు కోసం మా అమ్మాయి నా బ్యాగులో చెయ్యి పెట్టింది. కవరు బయటికొచ్చింది.

నా గుండె ఝల్లుమంది. అది నిమ్మళంగా కాగితం అంతా చదివింది. జీతం దగ్గర కనుబొమలెత్తింది. ఫొటో చాలాసేపు చూసింది.

"బావున్నాడు. ఇతన్ని ఎవరైనా అడిగారా?"

ఆలోచించాను. వాళ్ళమ్మగారూ నేనూ మాట్లాడుకున్నాం. వాళ్ళ నాన్నగారూ మావారూ మాట్లాడుకున్నారు. సిద్ధాంతి గారు మాట్లాడారు. "అడిగినట్టు లేదే" అన్నాను.

"మరి నన్ను?"

అయిదేళ్ళుగా పెళ్ళి పెళ్ళి అని నసపెడుతున్నానే గానీ, చూడబోతే అడగడమన్నది ఎన్నడూ జరగలేదు. "ఎప్పుడు చేసుకుంటావు" అన్నాను గానీ "చేసుకుంటావా" అనలేదు.

"చేసుకుంటావా?" అన్నాను. గొంతు నాదిలా లేదు.

"తెలీదమ్మా. ఇప్పుడు మాత్రం వద్దు. వద్దనిపించడం మానేస్తే నీకే ముందు చెప్తాను."

"జొరమొస్తే ఎవరున్నారే నీకిక్కడ?" ఆ మాటొక్కటే వచ్చింది నోట్లోంచి. ఇన్నాళ్ళూ కవరు బరువంతా అందులోనే ఉందని అప్పుడు తెలిసింది. అది జవాబు చెప్పలేదు, నా భుజం మీద తల ఆన్చింది. తరవాత వేళ్ళ మీద లెక్కపెట్టి నలుగురి పేర్లు చెప్పింది. రెండు పేర్లు నాకు నోరు తిరగలేదు. వాటిని మళ్ళీ మళ్ళీ పలికించింది.

లేచి డబ్బా కడుగుదామని నీళ్ళలోకి వంగాను. పూర్వం గుర్రాలకి నీళ్ళు పట్టిన రేవది. "అమ్మా! ఇక్కడ ఎవరూ గిన్నెలు కడగరే!" అని అది ఒకటే నవ్వు. బాతులు మాత్రం పులిహోర మెతుకుల కోసం బారులు తీరాయి. డబ్బా విదిలించి అలాగే బ్యాగులో పడేసుకుని, నదిని చివరంటా సాగనంపడానికి సముద్రం దాకా నడిచాం. అరగంట కూడా పట్టలేదు.

ఇంటికొచ్చి వారమైంది. నిన్న ఆ కుర్రాడి తల్లిగారు ఫోను చేశారు. "ఏమంది వదినగారూ మీ అమ్మాయి?"

"కవరు తడిసిపోయిందండీ. ఫొటో కూడా రంగు కారిపోయింది" అన్నాను. అబద్ధమేం కాదు.

"అయ్యో! ఎలా తడిసింది?"

"నదిలో."

"ఏ నదండీ?"

చెప్పాను. పదకొండు వందల మీటర్లన్నాను. ఆవిడ నమ్మలేదు.