కొండ దిగే కారుకు వణుకెందుకు?

దర్శనం బాగా జరిగింది. లడ్డూల సంచీ ఒళ్లో ఉంది. పిల్లలు అప్పుడే కునికిపాట్లు పడుతున్నారు. పది మలుపులు తిరిగాయో లేదో... బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు గడగడా వణకడం మొదలు! అసలే ఘాట్‌రోడ్డు. నడిపేవారి గుండెలోనూ అదే వణుకు.

తిరుమలకు రెండు ఘాట్‌రోడ్లున్నాయి. 1944లో ప్రారంభమైన పాతదారి దిగేవాళ్లకు, 1974లో వచ్చిన రెండోది ఎక్కేవాళ్లకు. పాతదారి దాదాపు 19 కిలోమీటర్లు, మలుపు వెంట మలుపు. ఈలోగా కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. మనుషులతో కలిపి టన్నున్నర బరువు! అంత బరువును బ్రేకులతోనే ఆపుతూ దిగితే పుట్టే వేడి, పాతిక లీటర్ల నీళ్లను మరిగించడానికి చాలు. అదంతా భరించాల్సింది బ్రేకులే.

వణుకు చూసి 'డిస్కు వంగిపోయింది' అంటారు మెకానిక్‌లు. నిజానికి చాలాసార్లు వంగేదేమీ ఉండదు. వేడికి ప్యాడ్ల పదార్థం డిస్కు మీద ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అంటుకుంటుంది. లేదా డిస్కు మందంలోనే తేడా వస్తుంది. మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉండే ఆ తేడాయే చేతికి తెలుస్తుంది. బాగా కాలిన డిస్కు మీద ప్యాడ్లు అదిమిపెట్టి అలాగే ఆగినా మచ్చ పడుతుంది.

స్టీరింగు వణికితే అనుమానం ముందు చక్రాల మీద. సీటు, పెడల్ అదిరితే వెనక చక్రాల మీద. బ్రేకు తొక్కకపోయినా వణుకుతోందా? అది వీల్ బ్యాలెన్సింగ్ సంగతి కావచ్చు. జారే రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు పెడల్ టకటకా కొట్టుకోవడం మాత్రం ఏబీఎస్ చేసే పనే, కంగారక్కర్లేదు.

షెడ్డులో డిస్కు మార్చేయమంటే వెంటనే తలూపకండి. డయల్ గేజితో కొలవమనండి. హబ్బుకీ డిస్కుకీ మధ్య తుప్పు చేరినా, చక్రం నట్లు ఒకటి బిగువుగా ఒకటి వదులుగా ఉన్నా, కాలిపర్ పిన్నులు పట్టేసినా ఇదే వణుకు వస్తుంది. మందం సరిపడా ఉంటే లేత్ మీద సన్నగా చెక్కిస్తే చాలు. కనీస మందం ఎంతో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. అంతకన్నా తగ్గితే మార్చాల్సిందే, అదీ రెండు పక్కలా.

వణుకు కన్నా భయపడాల్సింది పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతే. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడితే తొందరగా మరుగుతుంది, బుడగలొచ్చి బ్రేకు పట్టదు. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలి.

దిగేటప్పుడు రెండో గేరు, వాలు తగ్గినచోట మూడో గేరు. న్యూట్రల్ వద్దు, ఇంజిన్ ఆపొద్దు. కాలు బ్రేకు మీదే ఉంచకుండా, గట్టిగా ఓసారి తొక్కి వదిలేయాలి. పొగ వాసన వస్తే వీలున్నచోట పక్కకు ఆపి చల్లారనివ్వాలి. నీళ్లు మాత్రం పోయకండి, కాలిన డిస్కు పగలొచ్చు. కొత్త ప్యాడ్లు వేయించిన మర్నాడే కొండకు బయల్దేరడమూ మంచిది కాదు. అవి డిస్కుతో కుదురుకోవడానికి కనీసం రెండొందల కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద తిరగాలి.