జొన్న నేలలో బ్రెడ్ మెషీన్

బ్రెడ్ మెషీన్ అంటే ఒకే గిన్నెలో పిండి కలిపి, పిసికి, పొంగించి, కాల్చిపెట్టే చిన్న కరెంటు పొయ్యి. గిన్నె అడుగున తిరిగే రెక్క, చుట్టూ వేడెక్కే కాయిల్, పైన టైమరు. ఇంతకుమించి అందులో ఏమీ ఉండదు. నేడు పానసోనిక్‌గా పిలిచే జపాన్ కంపెనీ మత్సుషితా 1987లో దీన్ని ఇళ్లకు తెచ్చింది. తొలి నమూనాల్లో పైపెచ్చు మాడేది, లోపల పచ్చిగా మిగిలేది. అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లో పెద్ద బేకర్ దగ్గర పని నేర్చుకుని, ఆయన ముద్దను లాగుతూ మెలితిప్పుతున్నాడని కనిపెట్టింది. ఆ మెలిక పడేలా గిన్నెలో గట్లు అమర్చాక బ్రెడ్ కుదిరింది.

మెలికకు అంత విలువ గ్లూటెన్ వల్ల వచ్చింది. గోధుమపిండిలోని ప్రోటీన్లు నీళ్లు తగిలి, పిసికేకొద్దీ సాగే వలలా అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలే గాలి ఆ వలలో చిక్కుకుని ముద్ద పొంగుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. సంగారెడ్డి జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. పడమట జహీరాబాద్ వైపు నల్లరేగడి యాసంగి జొన్నకు పెట్టింది పేరు. తూర్పున పటాన్‌చెరులో 1972లో ఏర్పడ్డ అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పరిశోధించే పంటల్లో జొన్న, సజ్జ ముందువరుసలో ఉంటాయి. ఇంత జొన్న మధ్య బ్రెడ్ మెషీన్ మాత్రం గోధుమనే అడుగుతుంది.

జొన్నరొట్టె చేసేవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో దాటారు. పిండిలో మరిగే నీళ్లు పోస్తే అందులోని గంజి ఉడికి జిగురొస్తుంది, రొట్టె విరగకుండా చేతికింద సాగుతుంది. అదే కిటుకు మెషీన్‌కూ పనికొస్తుంది. వంద గ్రాముల జొన్నపిండిని మరిగే నీళ్లతో తడిపి, పూర్తిగా చల్లారాక నాలుగు వందల గ్రాముల మైదాలో కలిపితే బ్రెడ్ తేమగా, మంచి వాసనతో వస్తుంది. జొన్న అంతకు మించితే ఎత్తు తగ్గిపోతుంది. గోధుమ పడనివారికి మొత్తం జొన్నతోనే చేయాలంటే ఇసబ్‌గోల్ పొట్టు వంటి జిగురు పదార్థం తప్పనిసరి. పిండి తాజాగా ఉండాలి. సజ్జపిండి అయితే కొద్ది రోజులకే చేదెక్కుతుంది.

అయిదు వందల గ్రాముల పిండికి సుమారు మూడు వందల మిల్లీలీటర్ల నీళ్లు, అయిదు గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, ఎనిమిది గ్రాముల ఉప్పు, చెంచా చక్కెర, రెండు చెంచాల నూనె. జొన్నను తడిపిన నీళ్లు కూడా ఈ లెక్కలోవే. గిర్నిలో పట్టించిన గోధుమపిండి మైదా కన్నా ఎక్కువ నీళ్లు తాగుతుంది. అందుకే లెక్క కంటే కన్నే నమ్మకం. పిసకడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడాలి. ముద్ద గిన్నె గోడను అంటీ అంటనట్టు తిరగాలి, వేలు పెడితే కొద్దిగా అంటుకుని వదిలేయాలి. టకటకా కొట్టుకుంటుంటే చెంచా నీళ్లు, అడుగున పాకుతుంటే చెంచా పిండి.

వేసవిలో సంగారెడ్డి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మెషీన్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం రాదు. ఫ్రిజ్ నీళ్లు పోయకపోతే ముద్ద ముందుగానే పొంగి, కాలే వేళకు నడుమ కుంగుతుంది. జనవరిలో కోహీర్‌లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగే చలికి గోరువెచ్చని నీళ్లు కావాలి.

పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు పనికి వెళ్లేవారి ఇళ్లకు టైమరే అసలు సౌకర్యం. రాత్రి అన్నీ వేసి పడుకుంటే తెల్లవారుజామున బ్రెడ్ తయారు. అయితే ఈస్ట్‌కు నీళ్లు ముందే తగలకూడదు. నీళ్లు అడుగున పోసే మెషీన్‌లో దాన్ని పిండి మీద చిన్న గుంతలో వేయాలి. మామూలు పాలు రాత్రంతా గిన్నెలో నిలవ ఉంటే పాడవుతాయి, పాలపొడి వాడాలి. పిసికేటప్పుడు కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. కాలేటప్పుడు పోతే ఆ బ్రెడ్ దక్కడం కష్టం.

బజారు బ్రెడ్ మీద అనుమానం ఊరికే పుట్టలేదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పరీక్షల తర్వాత 2016లో బ్రెడ్ పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం వాడకాన్ని దేశంలో నిషేధించారు. ఇంటి బ్రెడ్‌లో అలాంటివేవీ వేయనక్కర్లేదు. దాని ఇబ్బంది దానికుంది: వానాకాలంలో రెండు మూడు రోజులకే బూజు పడుతుంది. ఆరాక ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవాలి. రోజూ జొన్నరొట్టె కొట్టుకునే ఇంటికి ఈ మెషీన్‌తో పనిలేదు. వారానికి రెండు మూడు ప్యాకెట్ల బ్రెడ్ కొనే ఇంటికి మాత్రం కొనదగిన వస్తువే.