చిన్న దెబ్బలోని విద్య

లోకం కన్ను ఎప్పుడూ పెద్ద దెబ్బ మీదనే ఉంటుంది. క్రికెట్టులో బంతి ఎగిరి ప్రేక్షకుల నడుమ పడితే చప్పట్లు మిన్నుముట్టుతాయి. బంతిని మెత్తగా కాలి దగ్గరే ఆపి ఒక్క పరుగు తీసినవాణ్ణి ఎవరూ గమనించరు. సభలో గొంతెత్తి పలికిన వాక్యానికి కరతాళధ్వనులు లభిస్తాయి, నెమ్మదిగా చెప్పిన నిజానికి ఆవులింతలు లభిస్తాయి. గోల్ఫు ఆట కూడా ఈ లోకరీతికి అతీతం కాదు. బంతిని మూడు వందల గజాలు ఎగరగొట్టినవాణ్ణి చూసి ముక్కున వేలు వేసుకొనే జనం, మూడడుగుల దూరంలోని గుంటలోకి అదే బంతిని నెట్టినవాణ్ణి చూడనైనా చూడరు. కాని ఆట లెక్కలో ఆ రెండు దెబ్బలకూ విలువ ఒక్కటే. అదీ ఒకటి, ఇదీ ఒకటి. ఈ సమన్యాయమే నన్ను ఆ ఆటవైపు ఆకర్షించింది.

మన విద్యార్థులలో చాలామంది గోల్ఫు మైదానాన్ని చూసి ఉండరు గనుక, ముందుగా నాలుగు మాటలు. మైదానంలో 18 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక ఉంటుంది. దానిని 'గ్రీన్' అంటారు. గుంట వ్యాసం 4.25 అంగుళాలు, అనగా మన బెత్తెడు కంటె కొంచెం ఎక్కువ. బంతి వ్యాసం 1.68 అంగుళాలకు తగ్గరాదు, బరువు 46 గ్రాములు దాటరాదు. ఆటగాడు 14 కర్రల వరకు వెంట ఉంచుకోవచ్చు. అన్ని గుంటలనూ అందరికంటె తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. నేర్పరి ఇన్ని దెబ్బలలో ముగించాలని ప్రతి మైదానానికీ ఒక ప్రమాణం ఉంటుంది. దాని పేరు 'పార్', అది సాధారణంగా 72. అందులో గ్రీను మీద గుంటకు రెండేసి దెబ్బల చొప్పున 36 దెబ్బలు లెక్కగట్టి ఉంచారు. అంటే ఆటలో సగం, నేల మీద బంతిని దొర్లించడమే! ఈ దొర్లింపును 'పట్' అని, అందుకు వాడే కర్రను 'పటర్' అని పిలుస్తారు. గ్రీను అంచు నుంచి బంతిని కాస్త లేపి గుంటవైపు దొర్లనిచ్చేది 'చిప్'. ఇవి, ఇసుకలోనుంచి బంతిని వెలికితీసే దెబ్బ, అన్నీ కలిపి 'చిన్న ఆట' అనవచ్చు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి ఈ దొరల ఆటతో పనేమిటని కమిటీ పెద్దలు అడగవచ్చు. ఆ పని నాకు మా మామూ ద్వారా సంక్రమించింది. ఆయన మా అమ్మీకి పెద్దన్న. వారి తండ్రి పలమనేరు విడిచి కోలారు బంగారు గనులకు కూలికి వెళ్ళిన మన జిల్లావారిలో ఒకరు. ఆంగ్లేయులు అక్కడ గనులతోపాటు తమకొక క్లబ్బును, గోల్ఫు మైదానాన్ని కూడా ఏర్పరచుకున్నారు. దొరలు వెళ్ళిపోయినా ఆట వెళ్ళిపోలేదు. గని అధికారులు ఆడుతూ ఉంటే మా మామూ పన్నెండవ ఏట వారి కర్రల సంచి భుజాన వేసుకున్నారు. సంచి మోసి, దూరం చెప్పి, నేల వాలు చూసి చెప్పే ఈ మనిషిని 'క్యాడీ' అంటారు. తరువాత ఆయన పొరుగు రాష్ట్రపు నగరంలో ఒక పెద్ద మైదానానికి చేరి, ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నారు. గనులు 2001లో మూతపడ్డాయి. మామూ మాత్రం మరికొన్నేళ్ళు సంచి మోశారు.

ఎవరో అధికారి వంగిపోయిందని పారవేసిన పటరును ఆయన బాల్యంలోనే తెచ్చుకొని సాపు చేసుకున్నారు. ఇత్తడి తల, అరిగిన తోలుపట్టు. ఆయనకు చాలాకాలం అదొక్కటే ఆస్తి. పెద్ద దెబ్బ నేర్వాలంటే మైదానం కావాలి, సభ్యత్వం కావాలి, ఖరీదైన కర్రలు కావాలి. పట్ నేర్వాలంటే గని లైన్లలో ఇంటి ముందు గట్టిపడిన మట్టినేల చాలింది. పేదవాడికి ఈ ఆటలో తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే. ఆ తలుపు చిన్నదే కాని, లోపలికి వెళ్ళిన తరువాత ఇల్లంతా ఒక్కటే.

వేసవి సెలవులలో పలమనేరు వచ్చినప్పుడు మామూ మా పెరట్లో ఒక పాలడబ్బాను నేలమట్టంగా పూడ్చి నాకు పాఠం చెప్పేవారు. మొదటి పాఠంలో గుంట ఊసే లేదు. సున్నంతో ఆరడుగులకు ఒకటి, తొమ్మిదడుగులకు ఒకటి, పన్నెండడుగులకు ఒకటి గీతలు గీసి, బంతిని సరిగ్గా గీత మీద ఆపమనేవారు. "దారి కన్ను చెబుతుంది బేటా, వేగం చెయ్యి చెప్పాలి" అనేవారు. గోలీలాడిన పిల్లలకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. వడిగా వచ్చిన గోలీ గుంట అంచు తాకి దాటిపోతుంది. మెల్లగా వచ్చినది పక్కగా వచ్చినా ఒదిగి లోపలికి జారుతుంది. వేగం పెరిగినకొద్దీ గుంట చిన్నదవుతుంది. ఒకప్పుడు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసి, తరువాత చిన్న ఆటకే జీవితం అంకితం చేసిన డేవ్ పెల్జ్ అనే శాస్త్రజ్ఞుడు, గుంట తప్పిన బంతి దానిని దాటి 17 అంగుళాల దూరంలో ఆగేటంత వేగమే ఉత్తమమని లెక్కగట్టినట్లు పెద్దయ్యాక చదివాను. మామూ దానిని రెండు జానలు అనేవారు. తేడా ఒక్క అంగుళమే!

రెండవ పాఠం ముఖం గురించి, అనగా కర్ర ముఖం గురించి. బంతి బయలుదేరే దిక్కును ప్రధానంగా నిర్ణయించేది కర్ర ఊగిన దారి కాదు, బంతిని తాకిన క్షణాన కర్ర ముఖం ఎటు చూస్తున్నదన్నదే. అందుకు సాధన చాలా సులభం. బంతికి రెండడుగుల ముందు రెండు నాణేలను, నడుమ బంతి మాత్రమే దూరేటంత సందు ఉంచి, అమర్చాలి. నాణెం తగలకుండా బంతి దాటిపోవాలి. ఊపు మణికట్టులో ఉండరాదు. గోడగడియారపు లోలకం వలె భుజాలనుంచి రావాలి. కన్ను బంతికి సరిగ్గా పైన నిలవాలి. దెబ్బ కొట్టగానే తల ఎత్తి చూసేవాడి భుజం కూడా తలతోపాటు లేస్తుంది, బంతి దారి తప్పుతుంది. కనుక బంతి పడినదో లేదో కంటితో చూడవద్దు, ఎడమ చెవితో వినమనేవారు. ఆపైన గడియారపు అంకెల వలె గుంట చుట్టూ మూడడుగుల దూరంలో ఆరు బంతులు పెట్టించేవారు. ఆరూ వరుసగా పడాలి. ఆరవది తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆ ఆరవ బంతి దగ్గర చేతికి వచ్చే వణుకే అసలైన పరీక్ష.

మూడవ పాఠం చిప్. గాలిలో ప్రయాణం తక్కువ, నేల మీద ప్రయాణం ఎక్కువ, ఇదీ సూత్రం. గాలిలో ఉన్న బంతి మన చేతిలో లేనిది, నేలను తాకిన బంతి పట్ వలెనే నడుస్తుంది. బరువు ఎడమకాలి మీద ఉంచి, చేతులను బంతి కంటె కొంచెం ముందుకు నిలిపి, ఎనిమిదవ నంబరు ఇనుప కర్రతో కురచగా కొట్టాలి. పెరట్లో ఒక గోనెసంచి పరచి, గుంటను మరచిపోయి బంతిని ఆ గోనె మీద పడవేయమనేవారు. పడవలసిన చోటు సరిగ్గా కుదిరితే మిగిలిన దూరం బంతి తానే చూసుకుంటుంది. ఇసుక దెబ్బను ఎండిపోయిన కౌండిన్య నదిలో చేతికర్రతో చూపారు. అక్కడ బంతిని కొట్టరాదు, దాని వెనుక రెండంగుళాల ఇసుకను కొట్టాలి. ఇసుకే బంతిని ఎత్తుకొని పోతుంది.

ఆయన జ్ఞానంలో నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరిచినది గరికను గురించిన జ్ఞానం. వేడి దేశాల గోల్ఫు మైదానాలలో పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, మన గరిక, దాని సంకర సంతతి. గరిక ఒక దిక్కుకు వాలి పెరుగుతుంది. బంతి వెనుక నిలిచి చూచినప్పుడు గడ్డి మెరుస్తూ కనిపిస్తే అది మననుంచి అటువైపు వాలినట్లు, బంతి వేగంగా పోతుంది. మసకగా కనిపిస్తే ఎదురు వాలినట్లు, కాస్త గట్టిగా కొట్టాలి. ఏ పుస్తకమూ చదవని మనిషి పచ్చికను పుస్తకంలా చదివేవారు.

ఇక్కడ ఒక ప్రతివాదాన్ని కూడా నిజాయితీగా ప్రస్తావించాలి. కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మార్క్ బ్రోడీ లక్షలాది దెబ్బల లెక్కలు పరిశీలించి 2014లో ఒక గ్రంథం ప్రకటించారు. అమెరికా వృత్తి ఆటగాళ్ళలో మేటివారికీ తక్కినవారికీ గల తేడాలో సుమారు మూడింట రెండు వంతులు దూరపు దెబ్బలలోనే ఉన్నదని ఆయన నిరూపించారు. ఇది కాదనలేని సత్యం. అయితే ఆ లెక్క, పద్నాలుగు కర్రలూ పచ్చని మైదానమూ అందరికీ సమానంగా ఉన్నవారి లెక్క. ఏదీ లేనివాడు ఎక్కడ మొదలుపెట్టాలన్నది నా ప్రశ్న. ఆ పరిశోధనలోనే మనకు ధైర్యమిచ్చే అంకెలు కూడా ఉన్నాయి. అంతటి వృత్తి ఆటగాళ్ళు సైతం మూడడుగుల పట్లను నూటికి 96 వేస్తారు గాని, ఎనిమిది అడుగుల నుంచి 50 మాత్రమే, ఇరవై అడుగుల నుంచి 15 మాత్రమే వేస్తారు. కనుక దూరపు పట్ తప్పినందుకు దుఃఖించనక్కరలేదు. దానిని గుంటకు మూడడుగుల లోపల ఆపితే చాలు.

చిన్న తలుపు గుండా వెళ్ళినవారు మన దేశంలో ఎంతదూరం వెళ్ళారో చూడండి. ఢిల్లీలో క్యాడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచారు. ఆ పోటీని గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడు ఆయనే. 1993లో మళ్ళీ గెలిచారు. 1829లో స్థాపించిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చికను సంరక్షించే ఉద్యోగి కుమారుడు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016లోను, 2017లోను అదే పోటీని గెలిచారు. ఆయన బంతిని బహుదూరం కొట్టేవారు కారు. చిప్, పట్ లలో ఆయన నేర్పును చూసి తోటివారు ఆయన పేరునే 'చిప్‌పట్‌సియా' అని మార్చివేశారు. మన జిల్లా సరిహద్దుకు ఆవల బెంగళూరులో పెరిగిన అదితి అశోక్, ప్రపంచ శ్రేణిలో రెండువందలవ స్థానంలో ఉండి 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సులో ఆడారు. ఆమె కంటె ఎంతో దూరం కొట్టగల క్రీడాకారిణుల నడుమ, పటరును నమ్ముకొని నాలుగు రోజులలో 269 దెబ్బలతో నాలుగవ స్థానంలో నిలిచారు. స్వర్ణం 267కు, తరువాతి రెండు పతకాలు 268కి లభించాయి. ఒక్క దెబ్బ! అది పెద్దదా, చిన్నదా అని ఎవరూ అడగరు. ఆ నాలుగు రోజులూ ఆమె సంచి మోసినది ఆమె తల్లి.

సంచి మోసేవారందరికీ అటువంటి గౌరవం దొరకదు. మా మామూ పనిచేసిన చోట క్యాడీలకు ప్రవేశం వెనుక ద్వారం నుంచే. ఆయన వాలు చూసి చెప్పిన పట్లతో గెలిచిన కప్పులు ఎందరి ఇళ్ళలోనో మెరుస్తున్నాయి. ముప్పై ఏళ్ళలో ఆయన పేరు మీద ఒక్క స్కోరు కార్డు కూడా వ్రాయబడలేదు. ఆయన దానిని గురించి ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. నేనే ఒకనాడు, ఆయన పని మాని పలమనేరు వచ్చేసిన తరువాత, నోటుపుస్తకం కాగితం మీద 18 గళ్ళు గీసి, పెరటి డబ్బాకు పద్దెనిమిది చోట్ల నుంచి ఆయన ఆడుతూ ఉంటే లెక్క వ్రాశాను. 33 దెబ్బలు. పైన పేరు వ్రాయమన్నారు. తెలుగులో వ్రాస్తే, ఉర్దూలో కూడా వ్రాయమన్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని, ఆ పూట మరి ఆడలేదు. 2019లో ఆయన కాలం చేసినప్పుడు రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీల నడుమ ఆ కాగితం ఉన్నది.

విద్యార్థులారా! మీలో చాలామంది మొదటి తరం చదువరులు. పెద్ద దెబ్బ కొట్టడానికి కావలసిన సాధన సంపత్తి మీ ఇళ్ళలో లేదని మీరు నిరుత్సాహపడుతూ ఉండటం నేను తరగతి గదిలో చూస్తూనే ఉన్నాను. రోజుకు అరగంట, ఆరడుగుల నేల, ఆరవ బంతి తప్పితే మళ్ళీ మొదటినుంచి ఆరంభించే ఓర్పు, వీటిని ఎవరూ మీకు అమ్మలేరు, ఎవరూ మీనుంచి లాక్కోలేరు. ఆ పునాది మీద పెద్ద దెబ్బ తరువాతనైనా నేర్చుకోవచ్చు.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. కళాశాల ఆవరణలో ముప్పై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల ఖాళీ చోటు ఇప్పించండి. గరిక మన పొలంగట్ల మీదనే దొరుకుతుంది. గుంటలకు పాలడబ్బాలు నేను తెస్తాను. పటరు నా దగ్గర ఉన్నది. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు వేళలు నిర్ణయించినా సరే, ప్రవేశం మాత్రం అందరికీ ముందు ద్వారం నుంచే ఉండాలి. ఆడిన ప్రతివారి పేరా ఒక కార్డు వ్రాయాలి. ఆషాఢంలో నాటితే రెండు వానలకు గరిక పట్టుకుంటుంది.