జన్మతో వచ్చిన విద్య యేది?

"మేము కాళ్లకు స్కీలతోడనే పుట్టుదుము" అను మాటను నార్వే దేశమునకు వచ్చిన నాటినుండి యెన్నిమారులు వింటినో లెక్కలేదు గాని, మొన్నటి ఆదివారము ఓస్లో నగరమునకు ఉత్తరముననున్న నూర్‌మార్కా అరణ్యములో, పడి లేచుచున్న నాతో సహోద్యోగి సౌహార్దముతోనే ఆ మాట మరల ననగా నా మనసు చివుక్కుమన్నది.

స్కీలు చేతబట్టుకొని మెట్రో రైలెక్కి, ఫ్రోగ్నెర్‌సేతెరెన్ స్టేషనులో దిగి, నాలుగడుగులలో అడవిని చేరగలుగుట యీ ప్రజల భాగ్యము. సేద్యము లేని భూమి పరులదైనను దానిపై సంచరించు హక్కును 1957 నాటి శాసనము ఎల్లరకు నిచ్చినది. మంచు బరువునకు కొమ్మలు వంగిన స్ప్రూస్ వృక్షముల నడుమ, ఎఱ్ఱరంగు గుర్తులు చూపు దారివెంట జంటచాళ్లలో సాగునపుడు ఈ దేశమునకు చేతులెత్తి మ్రొక్కవలెననిపించును. కాని పుట్టుకతో వచ్చినదను మాటను మాత్రము ఒప్పుకొనజాలను.

ఆ చాళ్లు ఆకాశమునుండి పడినవి కావు. 1883లో స్థాపితమైన స్కీ సంఘమువారు యంత్రములు నడిపి తీర్చినవి. స్కీ మధ్యభాగము విల్లువలె వంగియుండును. దాని యడుగున ఆనాటి చలికి తగిన మైనము రుద్దవలెను. ఒక కాలిపై నిండుబరువు మోపిననే ఆ మైనము మంచును పట్టును, బరువు తీసిననే స్కీ జారును. ఇది యభ్యాసము గాక మరేమి? 1206లో ఇద్దరు యోధులు స్కీలపై కొండలు దాటించి కాపాడిన రాకుమారుడు హాకోన్, వీరి కథలలో కీర్తింపబడు ఆ పసివాడు సైతము, పరుల చేతులలోనే ఆ కొండలు దాటెను.

మా కోనసీమలో వానకాలపు వరిచేని గట్టుపై మేము పరుగెత్తుచుండగా, బస్తీనుండి వచ్చిన బంధువులు "పల్లెటూరివాళ్లకు పుట్టుకతోనే వస్తుంది" అనెడివారు. గట్టుపై జారరాదు, ఇచ్చట జారుటయే నడక. కనుక పోలిక యంతకుమించి సాగదు. అయినను "బొటనేలితో నేల పట్టుకోరా, కిందకి చూడకు" అనుచు వెనుకనుండి తాతయ్య చెప్పిన మాటలు నేటికిని చెవిలో మ్రోగుచున్నవి. ఎన్ని వానకాలములు ఆ మాటలు విన్న పిమ్మట నా పాదము నిలిచెనో ఆ బంధువులెరుగరు. నేర్పినవాని శ్రమను, నేర్చినవాని దెబ్బలను ఒక్క మాటతో తుడిచివేయుట న్యాయము కాదు.

ఉల్లెవోల్‌సేతెర్ విడిది సమీపించునప్పటికి, నాలుగేండ్ల బాలిక యొకతె బోర్లపడి, కర్రలు విసరివేసి, వెక్కివెక్కి యేడ్చుచుండెను. చెంతనున్న వృద్ధురాలు ఆమెను ఎత్తలేదు. తానుగా లేచువరకు నిలిచి, లేచిన పిదప మంచు దులిపి, నారింజతొన యొకటి నోటికందించెను.

మా తాతయ్యయు నన్ను బురదలోనుండి ఎన్నడును ఎత్తలేదు. గట్టుపై నిలిచి, నేను లేచువరకు చూచుచుండెడివాడు.